కోసిన చెయ్యి, పెంచిన చెయ్యి

ఘంటసాల గొంతులో ‘పుష్పవిలాపం’ వింటూ ఒక్కసారైనా కళ్ళు తుడుచుకోని తెలుగు ఇల్లాలు అరుదు. కళ్ళు తుడుచుకున్న ఆ చేత్తోనే సాయంత్రం మల్లెమొగ్గలు కోసి, మాల కట్టి, జడలో తురుముకోని ఇల్లాలు ఇంకా అరుదు! ఇదేం చోద్యమండీ? మనమంతా అంత కపటులమా? లేకపోతే ఆ పద్యాల్లోనే ఎక్కడో ఓ లెక్క విడిచిపెట్టారా?

ఏటా ఫాల్గుణం వెళ్ళి చైత్రం వస్తోందనగానే, పెరట్లో మల్లెతీగ మొగ్గ తొడిగే వేళకి, నాకీ ప్రశ్న కూడా మొగ్గ తొడుగుతుంది. ఈసారి మీ ముందు పెట్టి తేల్చుకుందామని కూర్చున్నాను.

కరుణశ్రీగారి మీద నాకేమీ కోపం లేదు సుమండీ. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు (1912–1992) ‘ఉదయశ్రీ’లో చేర్చిన ఈ ఖండిక తెలుగులో ఎంతమందికి నోటికి వచ్చో లెక్కపెట్టలేం. పద్యమంటే భయపడే పిల్లలకి కూడా పద్యాన్ని ప్రేమించటం నేర్పిన రచన అది. కథ మీకు తెలిసిందే. పూజకి పూలు కోద్దామని కవి ఓ పూలమొక్క దగ్గర నిలబడి కొమ్మ వంచుతాడు. అంతలో పూలన్నీ నోరు విప్పి గోల పెడతాయి. తల్లి ఒడి నుంచి మమ్మల్ని వేరు చెయ్యకు అంటాయి. మాలో సూదులు గుచ్చుతారనీ, పిండి అత్తరు తీస్తారనీ, వాడుకుని వాడుకుని చివరికి చీపురుతో ఊడ్చి పారేస్తారనీ ఏకరువు పెడతాయి. మధ్యలో ఆడవాళ్ళకి ప్రత్యేకంగా అక్షింతలు పడతాయి. దారంతో మమ్మల్ని బిగించి ముడిలో పెట్టుకునే దయలేనివాళ్ళు మీ ఆడవాళ్ళేనని! కవిగారు సిగ్గుపడి ఖాళీ సజ్జతో తిరిగి వస్తారు.

ఖండిక బాగుంది. ఏడిపిస్తుంది. ఏడ్చాక నెమ్మదిగా ఆలోచిస్తే నాకో సందేహం వస్తుంది. అసలా మొక్క ఎవరిది? దానికి పాదు తీసిందెవరు? వేసవిలో బిందెడు నీళ్ళు మోసిందెవరు? పూలకి తల్లి ఉంది, తీగ. గాలి ఉంది, తుమ్మెదలున్నాయి, కోసేవాడున్నాడు. కానీ పెంచిన మనిషి ఒక్కరూ లేరు. ఆ ఒక్కరూ ఆ తోటలోకి వచ్చి నిలబడితే ఈ విలాపం ఇలాగే సాగేదా?

ఆ మనిషి సంగతి తెలియాలంటే వసంతంలో కాదు, పుష్యమాసంలో మన పెరట్లోకి రావాలి. అంటే జనవరి ప్రాంతం. అప్పటిదాకా గుబురుగా, పచ్చగా ఉన్న మల్లెపొదకి పది పదిహేను రోజులు నీళ్ళు మానేస్తాం. తీగ వడలిపోయి జాలిగా చూస్తుంది. అప్పుడు కత్తెర పట్టుకుని మూరెడు ఎత్తుకి కత్తిరిస్తాం. మిగిలిన ఆకు కూడా దూసేస్తాం. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూసి “అయ్యో, నిక్షేపంలాంటి చెట్టుని మోడు చేశారేమండీ!” అంటారు. పుష్పవిలాపం రాసినాయన ఆ వేళ వచ్చి ఉంటే మరో ఖండిక, ఇంకా ఘోరమైనది, రాసి ఉండేవారు.

ఆ తరవాత బొరిగెతో మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెడతాం. ఇహ ఎదురుచూడటమే. మొదట ఏమీ ఉండదు. తరవాత ఓ ఉదయం, కణుపు కణుపునా ఆవగింజంత పచ్చదనం. నాలుగు రోజులకి లేత చిగురు. మల్లె పూసేది ఆ కొత్త చిగురుకే, పాత కొమ్మకి కాదు. ఆ మోడు చెయ్యటం, ఆకు దూయటం క్రూరత్వం కాదు, పురుడుకి ముందు చేసే ఏర్పాటు. ఉగాదికి వేపపూత కోసం చెట్టెక్కే పిల్లలు దిగి వచ్చేసరికి, కింద మల్లె తొలి మొగ్గలు చూపిస్తుంది. ఇది మొదటి తృప్తి. వందసార్లు చూసినా వందసార్లూ ఆశ్చర్యమే.

సరే, మొగ్గ వచ్చింది. కోయకుండా ఉంచామనుకోండి. సాయంత్రానికి విచ్చుకుంటుంది, రాత్రంతా గుబాళిస్తుంది, మర్నాడో ఆ మర్నాడో వాడి నేల రాలుతుంది. కాయ కాస్తుందా? మన ఇళ్ళల్లో పెంచే ముద్దమల్లెకి సాధారణంగా గింజ కట్టదు. అంచేత, కోస్తే వంశనాశనం చేసిన పాపం కూడా మనకి అంటదు. పైపెచ్చు పూత అయిపోయిన కొసల్ని తుంచితే పక్కనుంచి కొత్త చిగుళ్ళు వచ్చి మళ్ళీ మొగ్గ తొడుగుతుంది. గులాబీ సంగతి మరీ విచిత్రం. వాడిన పువ్వుని కొమ్మనే వదిలేస్తే మొక్క తన బలాన్నంతా కాయ మీద పెడుతుంది. కాడతో సహా కత్తిరిస్తే, ‘ఓహో, నా పని ఇంకా అవలేదు కాబోలు’ అని మళ్ళీ కొమ్మ వేసి పూస్తుంది. పువ్వు కోయటమంటే తల్లిని, బిడ్డని విడదీయటమే అన్న పోలిక వినటానికి కరుణగా ఉంది. పెరట్లో మాత్రం నిలబడదు.

దీనికి కరుణశ్రీగారొక్కరినే అనటం అన్యాయం. మన కావ్యాల్లో వసంతం ఎప్పుడూ ఇలాగే వస్తుంది. మన్మథుడు బయలుదేరతాడు, మలయమారుతం వీస్తుంది, కోకిల కూస్తుంది, ఉన్నట్టుండి తోటంతా పూసి కూర్చుంటుంది! పుష్యమాసపు కత్తెర ఎక్కడా కనపడదు. ఇంకా తమాషా ఏమిటంటే, స్త్రీ పాదం తగిలితే అశోకం పూస్తుందనీ, నోటితో మద్యం పుక్కిలించి చల్లితే పొగడ పూస్తుందనీ కవులు ఓ సంప్రదాయం పెట్టుకున్నారు. దోహదం అంటారు దాన్ని. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో కథంతా ఆ దోహదం చుట్టూ తిరుగుతుంది. ధారిణీదేవి ఉయ్యాల మీంచి పడి కాలు నొప్పి చేసుకుంటే, అశోకాన్ని తన్నే ఆ ముఖ్యమైన పని మాళవికకి అప్పజెబుతుంది. కాలికి పారాణి, అందె, అలంకారం అంతా అయ్యాక ఒక్క తన్ను! అయిదు రాత్రుల్లోపల పూస్తే కోరిన వరమిస్తానని రాణిగారి మాట. పూస్తుంది కూడా.

నాటకం చదివినంతసేపూ ముచ్చటగానే ఉంటుంది. అయినా చెట్టుకి ఆడదాని కాలు తగలటం వరకే కవులు చూశారు. ఆ కాలు రోజూ నూతి దగ్గరనుంచి మొక్క దగ్గరకి ఎన్నిసార్లు నడిచిందో చూసివుంటే, అశోకం ఎందుకు పూసిందో ఏ దోహదమూ అక్కర్లేకుండా తెలిసేది.

ఆ నడక చూసింది కూడా మళ్ళీ కాళిదాసే! ‘శాకుంతలం’ మొదటి అంకంలో శకుంతల మనకి కనపడేదే నీళ్ళకుండతో. అనసూయ, ప్రియంవద పక్కనుంటారు. ముగ్గురూ చెట్లకి నీళ్ళు పోస్తుంటారు. తండ్రి చెప్పాడని మాత్రమే కాదు, వీటి మీద నాకు తోబుట్టువుల ప్రేమ అంటుంది శకుంతల. వనజ్యోత్స్న అని తీగకి పేరు పెట్టి, మామిడికిచ్చి పెళ్ళి చేసుకుని మురిసిపోతుంది. నాకు మరీ ఇష్టమైన ఘట్టం ఇంకోటి ఉంది. శకుంతల వెళ్ళిపోబోతే ప్రియంవద ఆపుతుంది. “నువ్వు నాకు రెండు చెట్ల నీళ్ళు బాకీ, తీర్చి కదులు” అన్నట్టు మాట్లాడుతుంది. చేబదులు పంచదారలా, చేబదులు నీళ్ళన్న మాట! మన వీధికొళాయి రోజులు గుర్తు రావటం లేదూ? అప్పటికే చాటునుంచి బయటకి వచ్చి ఉన్న దుష్యంతుడు, కుండలు మోసి మోసి ఆమె భుజాలు జారాయనీ, అరచేతులు కందిపోయాయనీ చెప్పి, ఆ బాకీ తీర్చటానికి తన ఉంగరం ఇవ్వబోతాడు. కందిన అరచేతుల్ని రాజుగారు చూశారు, సంతోషం. కానీ కుండ పుచ్చుకుని రెండు చెట్లకి తనే నీళ్ళు పోద్దామని మాత్రం ఆయనకి తోచలేదు. బంగారంతో తేలిపోయే పని కాబోలనుకున్నాడు.

‘చూశారా, శకుంతల చెట్లకి నీళ్ళు పోయనిదే తాను తాగేది కాదట, అలంకారమంటే ఇష్టమున్నా చిగురు తుంచేది కాదట, కణ్వుడే చెప్పాడు’ అని మీరు నన్ను నిలదీయవచ్చు. నిజమే. అయితే ఆ అంకం మొదలు చూడండి. అదే ఆశ్రమంలో, అవే చెట్లకి నీళ్ళు పోసిన చెలికత్తెలిద్దరూ శకుంతల సౌభాగ్యదేవత పూజకి పూలు కోస్తూ ఉంటారు. దుర్వాసుడి శాపం విని ఒకామె తొట్రుపడితే చేతిలో పూలబుట్ట జారిపోతుంది. ఒకరు కోయలేదు, ఇద్దరు కోశారు. కాళిదాసు ఎవర్నీ తప్పుపట్టలేదు. నీళ్ళు పోసినవాళ్ళకి కోయటానికీ, కోయకపోవటానికీ రెండిటికీ హక్కుందని ఆయనకి తెలుసు. కోయకపోవటమొక్కటే దయ అనుకోవటం తరవాతివాళ్ళ తొందర.

మన తెలుగు కావ్యాల్లో ఈ హక్కు సంగతి అడిగిన ఆడది ఒక్కతే, నంది తిమ్మనగారి సత్యభామ. ‘పారిజాతాపహరణం’లో నారదుడు తెచ్చిన ఒక్క పువ్వూ రుక్మిణికి వెళ్ళిందని అలిగిందనీ, అసూయ అనీ, గయ్యాళితనమనీ నాలుగైదు వందల ఏళ్ళుగా వ్యాఖ్యానాలు వింటున్నాం. కొంచెం మొక్కలు పెంచిన కళ్ళతో చదవండి. చివరికి ఆమె దక్కించుకున్నది పువ్వు కాదు, చెట్టు. తన పెరట్లో నాటిన చెట్టు! పువ్వు ఇస్తే పుచ్చుకునే స్థానం వేరు, చెట్టుండి తనే కోసుకునే స్థానం వేరు. మూర పూలు కొనుక్కొచ్చి చేతిలో పెట్టే మగవారి ప్రేమని నేను కాదనను. అయినా పెరట్లో నాలుగడుగుల నేల, అదీ లేకపోతే వసారాలో నాలుగు కుండీలు మనవంటూ ఉండటంలో ఓ ధీమా ఉంది. సత్యభామ అడిగింది ఆ ధీమానే. కాకపోతే ఆ చెట్టుకి తరవాత నీళ్ళెవరు పోశారన్న చింత మన కథలకి ఎప్పుడూ పట్టదు.

ఈ చింత మనకే కాదు, దొరసానులకీ ఉండేది. ఎలిజబెత్ వాన్ ఆర్నిమ్ అనే రచయిత్రి 1898లో తన జర్మనీ తోట గురించి ఓ పుస్తకం అచ్చువేసింది. బి.ఏ. చదివే రోజుల్లో కాక, ఇల్లూ వాకిలీ ఏర్పడ్డాక చదవవలసిన పుస్తకం అది. ఆవిడది జమీందారీ ఇల్లు. తోటమాలి ఉన్నాడు, ఎకరాల నేల ఉంది, లేనిదల్లా తన చేత్తో తవ్వుకునే అధికారం. గొప్పింటి ఇల్లాలు పార పట్టుకుంటే పరువేం కాను? అంచేత ఓ ఏప్రిల్ ఆదివారం, పనివాళ్ళు భోజనాలకి వెళ్ళిన వేళ చూసి, దొంగలా బయటకి జారుకుని, గబగబా కాస్త నేల తవ్వి, మన కాశీరత్నం జాతి తీగ గింజలు నాటి, పరుగున ఇంట్లోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఆ పేజీ నవ్విస్తుంది. ఆ వెనకే గుండె చివుక్కుమంటుంది. ఆవిడ మట్టి పని చెయ్యటం ఎవరూ చూడకూడదు. మనం ఎంత మట్టి పని చేసినా ఎవరూ చూడరు. రెండు తోటలకీ అంతే తేడా. అయినా ఆ పుస్తకంలో తోట నిజమైన తోట. వేసిన మొక్క చచ్చిపోవటం, అనుకున్న రంగు రాకపోవటం, ఏడాది ఆగాలని తెలుసుకోవటం, అన్నీ ఉంటాయి.

మన సాహిత్యంలో నాకు కరువైంది ఈ ‘అన్నీ’. పూలతోట అంటే అందం ఒక్కటే కాదు, అనుకోని సంగతుల పుట్ట. ఎండిన కనకాంబరం కంకి మీద నాలుగు నీటిచుక్కలు పడితే గింజలు టపటపా పేలి దూరంగా ఎగిరి పడతాయి. మనం పాదులో వేసిన చోట మొలవవు, మెట్ల సందులో మొలుస్తాయి! రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగై, ఆ తరవాత ఎర్రబడుతుంది. చంద్రకాంత పొద్దు వాలాక గానీ కళ్ళు తెరవదు. పొద్దున్న కోసుకుందామని వెళితే ఓ పువ్వుండదు. నేలమీది పారిజాతం శరత్తులో పూస్తుంది. తెల్లవారేసరికి తనంతట తనే రాలి, కోసే పాపం మనకి లేకుండా చేస్తుంది. ఒక్కో మొక్కకి ఒక్కో పద్ధతి, ఒక్కో వేళ. ‘పూలు’ అని అన్నిటినీ కలిపి ఒక్క గొంతుతో ఏడిపించటం పద్యంలో సాధ్యం, పెరట్లో కుదరదు.

మా అత్తగారు ‘పుష్పవిలాపం’ రాగయుక్తంగా పాడేవారు. పాడుతూనే మొగ్గలు కోసేవారు. కొత్త కోడలి రోజుల్లో, బి.ఏ. చదివిన తెలివితో నేను నవ్వి, “అదేమిటత్తయ్యా, పాటొకటీ పనొకటీనా?” అన్నాను. ఆవిడ చెయ్యి ఆపకుండా, “దాని బాధ పాట, దాని మీద నా ప్రేమ పని. రెండూ ఉండకూడదా అమ్మాయ్?” అన్నారు. విమర్శ గ్రంథాల్లో నేను చదవని మాట అది. తరవాత ఆ మల్లెకొమ్మ ఒకటి వంచి, మట్టిలో అంటు తొక్కి, వేళ్ళు పట్టాక నాకు ఇచ్చారు. ఆవిడ పోయి పదేళ్ళు దాటింది. ఆ అంటు నాతో మూడిళ్ళు మారింది.

ఇక్కడో సంగతి చెప్పాలి. గింజ కట్టని మల్లె వ్యాపించేది ఇలా కొమ్మ నుంచి కొమ్మగానే. అంటే నా దగ్గరున్నది ఆవిడ మల్లెకి కూతురు కాదు. ఆ మల్లే! ఆవిడకి ఎవరో ఇచ్చారు, వాళ్ళకి మరెవరో. ఎన్ని తరాల ఆడవాళ్ళ చేతుల మీదుగా ఒక్క తీగే నడిచి వచ్చిందో ఊహించుకోండి. మనిషి చెయ్యి తప్పిస్తే అది మన పెరట్లో ఉండేదే కాదు. ‘దయలేనివాళ్ళు’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు గుచ్చుకునేది ఇందుకే. సూదీ దారం పట్టుకున్న చెయ్యి పద్యంలోకి ఎక్కింది. అదే చెయ్యి తొక్కిన అంటు ఎక్కలేదు.

అయితే పుష్పవిలాపాన్ని అటకెక్కిద్దామా? వద్దు. ఆ నిందకి సరైన చిరునామాలు వేరే ఉన్నాయి. వేదికల మీద ఒక్క నిమిషం మెడలో వేసుకుని బల్లమీద పడేసే గజమాలలున్నాయి. పెళ్ళిపందిట్లో ఒక్క పూటకి బస్తాలకొద్దీ కట్టి, తెల్లారేసరికి మురిక్కాలవలో కలిపే పూలున్నాయి. ఎవరు పెంచారో, ఎవరు తెల్లవారుజామున లేచి చేలల్లో కోశారో తలచుకోకుండా పారబోసేవాళ్ళ ముందు ఆ పద్యాలు గట్టిగానే వినిపించాలి. కుండీలో నాలుగు మొగ్గలు చూసుకుని మురిసే ఇల్లాలి ముందు మాత్రం కాస్త గొంతు తగ్గించమంటాను.

విమర్శకురాలిగా నా ఫిర్యాదు ఇంతే. కరుణ ఎక్కువైందని కాదు, అది సగంలో ఆగిపోయిందని. పువ్వు మీద జాలిపడిన కవి ఇంకో రెండడుగులు వేసి, పాదు దగ్గర వంగి ఉన్న మనిషిని చూసి ఉంటే ఆ కరుణ నిండుకుండ అయ్యేది. పూలకి నోరిచ్చిన కవి ఆ నోటితో ఒక్క సాక్ష్యం కూడా పలికించి ఉండవచ్చు. ‘మాకు నీళ్ళు పోసింది ఈమె’ అని.

ఆ పద్యం ఇంకా ఎవరూ రాయలేదేమో. రాయగల చెయ్యి మీలోనే ఎవరిదో ఒకరిది అయివుంటుంది. ముందు మొక్కలకి నీళ్ళు పోసి రండి. చైత్రమాసపు ఎండ, సాయంత్రం దాకా ఆగదు.